ఆరు మూలల గది

ప్రాథమిక పాఠశాల గదిని గీయమంటే మనలో ఎవరైనా చూడకుండా గీసేస్తారు. నాలుగు గోడలు, ఒక తలుపు, రెండు కిటికీలు, ఎదురుగోడకు నల్లబల్ల. ఆ బొమ్మ వెనక ఒక లెక్క ఉంది. లోపలున్నవాళ్ళంతా ఒకే వైపు చూస్తారని, అందరూ ఒకేసారి ఒకే పని చేస్తారని. ఎక్కాలు వల్లెవేయించే చోట ఆ లెక్క సరిపోతుంది. మూడు, నాలుగు, ఐదు తరగతులకొచ్చేసరికి తప్పుతుంది.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల్ని ఒక పూట గమనిస్తే ఎందుకో తెలుస్తుంది. ఒక పిల్ల కథల పుస్తకం పట్టుకుందంటే అరగంట తలెత్తదు. నలుగురు కలిసి ఊరి పటాన్ని మట్టితో చేస్తుంటారు. అది ఆ పూటకి తెమిలేది కాదు, మర్నాటిదాకా ఎవరూ కదపకుండా ఉండాలి. ఇద్దరు ఒక లెక్క దగ్గర వాదులాడుకుంటారు. ఒకడు ఇంకా భిన్నాల దగ్గరే ఉంటాడు, వాడి పక్కవాడు దశాంశాల్లోకి వెళ్ళిపోయి ఉంటాడు. టీచరు ముగ్గుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని అర్థం కానిది మళ్ళీ చెబుతుంటారు. ఇవన్నీ ఒకే గదిలో, ఒకే గంటలో, ఒకదానికొకటి అడ్డు రాకుండా సాగాలి.

దీనికి ఈమధ్య ఫ్లెక్సిబుల్ క్లాస్‌రూమ్ అని పేరు వచ్చింది. కేటలాగు తెరిస్తే చక్రాలున్న కుర్చీలు, మడిచే గోడలు, రంగురంగుల దిండ్లు కనిపిస్తాయి. అవి వద్దని కాదు. కానీ ఎన్ని పనులకైనా ఒదిగిపోయే గదులుగా పేరు తెచ్చుకున్నవాటిని దగ్గరగా చూస్తే, వాటిలో కదిలేవి కొన్నే. కదలకుండా పాతుకుని ఉన్నవే ఎక్కువ. ఎక్కడ ఏది పాతాలో తెలియడమే ఈ పనిలోని విద్య అనిపిస్తుంది నాకు.

అలాంటి ఒక గది కథ అమెరికాలో మొదలవుతుంది. 1919లో కార్లెటన్ వాష్‌బర్న్ అనే ఆయన షికాగోకి ఉత్తరాన మిషిగన్ సరస్సు ఒడ్డునున్న విన్నెట్కా అనే చిన్న పట్టణంలో బడుల సూపరింటెండెంటుగా చేరాడు. లెక్కలు, చదవడం, స్పెల్లింగు వంటివాటిని ఎవరి వేగంలో వాళ్ళు నేర్చుకునేలా మార్చాడు. ఒక భాగం వచ్చేసిందనుకున్న పిల్ల ముందు తనకు తానే పరీక్ష పెట్టుకుని దిద్దుకుంటుంది. ఆ తర్వాతే టీచరు పెట్టే పరీక్ష. రోజులో మిగతా సమయమంతా నాటకాలకి, చేతిపనులకి, నలుగురూ కలిసి చేసేవాటికి. విన్నెట్కా ప్లాన్ అని విద్యారంగంలో పేరుపడింది ఇదే. ఇరవయ్యేళ్ళు ఇలా నడిపాక, ఈ పద్ధతికి తగ్గట్టు ఒక భవనాన్ని పునాది నుంచి కట్టుకునే అవకాశం వాళ్ళకి దొరికింది. 1940లో తెరిచిన క్రో ఐలండ్ స్కూలు అలా పుట్టింది.

పని పెర్కిన్స్, వీలర్, విల్ అనే కుర్ర ఆర్కిటెక్టుల చేతికి వచ్చింది. అనుభవం తక్కువ కాబట్టి అప్పటికే పేరుమోసిన ఫిన్లండ్ ఆర్కిటెక్టు ఎలియెల్ సారినెన్‌ని, ఆయన కొడుకు ఈరోని జతచేసుకున్నారు. లారెన్స్ పెర్కిన్స్ గీతలు గీయడానికి ముందు తరగతుల్లో కూర్చుని పిల్లలు ఏం చేస్తున్నారో చూశాడు. బడిలో కార్యక్రమాలు చూసే ఫ్రాన్సెస్ ప్రెస్లర్ అనే ఉపాధ్యాయిని, ఈ భవనం ఎలాంటి బతుక్కి చోటివ్వాలో వివరిస్తూ ఆర్కిటెక్టులకు పెద్ద ఉత్తరమే రాసింది. నాకు బాగా నచ్చిన విషయం ఈ వరస. పద్ధతి ముందు కుదిరింది, గోడ తర్వాత లేచింది. మన దగ్గర తరచూ గోడ ముందు లేస్తుంది, పద్ధతి అందులో ఇరుక్కుంటుంది.

పద్ధతిలో రెండు రకాల పనులున్నాయి, మౌనంగా ఒంటరిగా చేసేవి, చప్పుడుతో పదిమందీ చేసేవి. అందుకే క్రో ఐలండ్ తరగతి గదికి రెండు భుజాలు. నేల మీద దాని ఆకారం ఇంగ్లీషు ఎల్ అక్షరం. పెద్ద భుజం తరగతి, చిన్న భుజం పనిగది.

ఈ ఆకారాన్ని ఒకసారి కాగితం మీద గీసి చూడండి. చదరానికి నాలుగు మూలలు. ఎల్‌కి ఆరు. ఆ ఆరింటిలో ఐదు లోపలికి ఒదిగిన మూలలు, ఒకటి మాత్రం గదిలోకి పొడుచుకొచ్చిన మూల. లోమూలలో కూర్చున్న పిల్లకి రెండు వైపులా గోడ ఆసరా. వెనకనుంచి ఎవరూ నడవరు, ఎవరూ తొంగిచూడరు. పుస్తకంలో మునగడానికైనా, నలుగురు తలలు దగ్గరపెట్టుకోవడానికైనా అంతకంటే మంచి చోటు లేదు. చదరపు గదిలో అలాంటివి నాలుగే, వాటిలో ఒకటి తలుపు తినేస్తుంది, రెండు నల్లబల్లకి అటూ ఇటూ పోతాయి.

ఇక పొడుచుకొచ్చిన ఆ ఒక్క మూల చేసే పని ఇంకా తెలివైనది. దాని పక్కన నిలబడితే రెండు భుజాలూ చివరిదాకా కనబడతాయి. కానీ ఒక భుజం చివర కూర్చున్నవాళ్ళకి రెండో భుజం చివర కనబడదు. టీచరుకి అందరూ కనబడాలి, ఒక జట్టుకి ఇంకో జట్టు కనబడకూడదు. తలుపు లేదు, తెర లేదు, అద్దం లేదు. గోడ ఒక్కచోట మలుపు తిరగడంతో రెండు పనులూ అయిపోయాయి. చిన్న భుజంలో సుత్తి చప్పుడవుతున్నా పెద్ద భుజంలోకి నేరుగా తగలదు. మలుపు తిరిగి, గోడలకి తగిలి, కొంత బలం పోగొట్టుకుని వస్తుంది. చూపుని పూర్తిగా ఆపి, చప్పుడుని పూర్తిగా కాకపోయినా తగ్గిస్తుందన్నమాట.

గోడ లెక్క కూడా వేసి చూద్దాం. ఇవి క్రో ఐలండ్ కొలతలు కావు, తేలిగ్గా ఉంటుందని నేను వేసుకున్నవి. 8 మీటర్ల చదరపు గది వైశాల్యం 64 చదరపు మీటర్లు, చుట్టుగోడ పొడవు 32 మీటర్లు. 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రంలో ఒక మూలనుంచి 4 మీటర్ల చదరాన్ని కోసి తీసేస్తే మిగిలే ఎల్ వైశాల్యమూ 64 చదరపు మీటర్లే. చుట్టుగోడ మాత్రం 36 మీటర్లు. నేల ఒక్క అంగుళం పెరగలేదు, గోడ 4 మీటర్లు పెరిగింది. బడిలో గోడంటే పుస్తకాల అర, బోర్డు, కిటికీ, కూర్చునే గట్టు. మేస్త్రీని అడిగితే ఇదే లెక్కని తిరగేసి చెబుతాడు. ఇటుక ఎక్కువ, పునాది తవ్వకం ఎక్కువ, స్లాబు మోయడానికి ఆ పొడుచుకొచ్చిన మూల దగ్గర ఒక స్తంభం అదనం. ఆయన చెప్పేదీ నిజమే. ప్రపంచమంతటా దీర్ఘచతురస్రపు గదులే ఎందుకున్నాయో ఆ మాటలో తెలిసిపోతుంది.

క్రో ఐలండ్ గది చిన్న భుజంలో నీళ్ళ తొట్టి, పనిబల్ల ఉంటాయి. రంగులు, మట్టి, చెక్కముక్కలు, నీళ్ళు, అంటే తడి పనీ చెత్త పనీ అంతా అక్కడ. అక్కడ సగం చేసిన వస్తువు రాత్రికి అక్కడే ఉండిపోవచ్చు. నా లెక్కలో పెద్ద పిల్లల గదికి ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సదుపాయం. ఐదేళ్ళవాడు చేసిన బొమ్మ గంటలో పూర్తవుతుంది. పదేళ్ళవాళ్ళు తలపెట్టేవి రోజుల తరబడి సాగుతాయి. గంట కొట్టగానే సర్దేయాలంటే అంత పెద్ద పని ఎవరూ తలపెట్టరు. సర్దక్కర్లేని చోటు ఉంటేనే పెద్ద ఆలోచన పుడుతుంది.

ప్రతి తరగతికీ సొంత మరుగుదొడ్డి, బయటికి సొంత తలుపు, ఆ తలుపు ముందు చిన్న పెరడు. వెళ్ళిరావడానికి వేలెత్తి అడగక్కర్లేదు, వసారా పొడుగునా నడవక్కర్లేదు. కిటికీలు రెండు గోడలకి ఉన్నాయి. వెలుగు ఒక్క దిక్కునుంచే వస్తే రాసే చెయ్యి నీడ నోటుపుస్తకం మీద పడుతుంది. రెండు దిక్కులనుంచి వస్తే ఒకటి వేసిన నీడని ఇంకొకటి పలచబరుస్తుంది. పిల్లలు ఎటు తిరిగి కూర్చున్నా రాసుకోగలరు. కుర్చీ తిప్పుకునే స్వేచ్ఛ ఇవ్వాలంటే ముందు వెలుగుని సరిచేయాలని వాళ్ళు గ్రహించారు. కిటికీ కిందే పొడుగాటి కూర్చునే గట్టు.

గోడలకి పైన్ చెక్క తాపడం చేశారు. సున్నం గోడకి మేకు కొడితే పెచ్చులూడుతుంది, టీచరు కసురుకుంటారు. చెక్క గోడకి పిన్ను గుచ్చి తీస్తే ఆ గుర్తు చెక్క చారల్లో కలిసిపోతుంది. కాబట్టి గోడంతా పిల్లలదే. లైటు స్విచ్చులు పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టారు. అప్పట్లో బడి గది కప్పు 12 అడుగుల ఎత్తున ఉండడం మామూలు, ఇక్కడ 9 అడుగులకి దించారు. పిల్లల కొలతకి గది ఇల్లులా అనిపించాలని. (మన ఎండలకి ఆ కప్పు పనికిరాదు.) సభామందిరంలో ముందు వరసల కుర్చీలు చిన్నపిల్లలకి సరిపోయేటంత పొట్టివి, వెనక్కి వెళ్ళేకొద్దీ పెద్దవవుతాయి. డెస్కుల్ని నేలకి మరలతో బిగించే అలవాటు ఉన్న రోజుల్లో ఇక్కడ తరగతి కుర్చీలూ బల్లలూ ఎటైనా లాక్కునేలా విడిగా చేయించారు. అంటే కదిలేవి బల్లలూ కుర్చీలూ మాత్రమే. నీళ్ళు, వెలుగు, మూల, గట్టు, అర అన్నీ తమ చోట్లలో గట్టిగా నిలబడ్డాయి కాబట్టే కుర్చీ ఎటు జరిగినా దానికొక గమ్యం ఉంది.

ఇదే ఆకారాన్ని ఇంకో ఇరవయ్యేళ్ళకి హాలండ్‌లో మరొక ఆర్కిటెక్టు ఎత్తుకున్నాడు. హెర్మన్ హెర్ట్స్‌బెర్గర్ 1960లో గీయడం మొదలుపెట్టి 1966లో పూర్తిచేసిన డెల్ఫ్ట్ మాంటిస్సోరి బడి గురించి ఆర్కిటెక్చరు విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటారు. మాంటిస్సోరి పద్ధతిలోనూ ఎవరి పని వాళ్ళు ఎంచుకుంటారు, ఎవరి వేగం వాళ్ళది. ఆరునుంచి పన్నెండేళ్ళ పిల్లలకి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నదాన్ని మరియా మాంటిస్సోరి గట్టిగా పనిచేసి రూపుదిద్దింది మన దక్షిణాదిలోనే. 1939లో మద్రాసు అడయారుకి వచ్చిన ఆవిడ యుద్ధం వల్ల ఇక్కడే చిక్కుకుపోయి, కొంతకాలం కొడైకెనాల్‌లో ఉండి, కొడుకు మారియోతో కలిసి ఆ వయసు పిల్లల కోసం విశ్వం పుట్టుకనుంచి మొదలయ్యే పాఠక్రమాన్ని తయారుచేసింది. ఆ పాఠాల్లో భూమి చరిత్ర, జీవుల చరిత్ర చెప్పే పొడుగాటి పటాలుంటాయి. వాటిని నేలమీద పరవాలి, చుట్టూ పిల్లలు మోకాళ్ళమీద కూర్చోవాలి. బల్లల వరసలున్న గదిలో అది సాగదు.

డెల్ఫ్ట్ గదులూ ఎల్ ఆకారమే. అయితే హెర్ట్స్‌బెర్గర్ ఒక అడుగు ముందుకేసి రెండు భుజాల నేలకీ ఎత్తులో తేడా పెట్టాడు. చేతులతో పని చేసేవాళ్ళది ఒక మట్టం, తలవంచుకుని రాసుకునేవాళ్ళది ఇంకో మట్టం. తేడా కొంచెమే. అయినా అడుగు వేసేటప్పుడు కాలికి తెలుస్తుంది, ఇప్పుడు వేరే చోటికి వచ్చానని. గొంతు తగ్గించమని ఎవరూ చెప్పక్కర్లేకుండా కాలే చెబుతుంది. మట్టం మారిన చోట అంచు కూర్చోవడానికీ పనికొస్తుంది.

గదులన్నీ ఒక హాలు వెంబడి మెట్లు మెట్లుగా వెనక్కి జరుగుతూ ఉంటాయి. హెర్ట్స్‌బెర్గర్ ఆ హాలుని వీధి అనుకున్నాడు, గదుల్ని వీధిలోని ఇళ్ళు అనుకున్నాడు. ప్రతి ఇంటికీ కోట్లు తగిలించుకునే చోటు దానిదే. వీధి ఉంటే గుమ్మం ఉండాలి. ఆయన కట్టిన బడుల్లో గుమ్మాల మీద పెట్టిన శ్రద్ధ చూసి తీరాలి. తలుపు గోడకి సమంగా ఉండదు, కాస్త లోపలికి తగ్గి ఉంటుంది. ఆ తగ్గిన జాగాలో ఒకరిద్దరు కూర్చుని పని చేసుకోవచ్చు. అక్కడ గదిలోని సందడి వినిపిస్తుంది కానీ మీద పడదు. టీచరుకి గాజులోంచి కనబడుతూనే ఉంటారు. గదిలో ఇమడలేని రోజున పిల్లకి బయటికి పంపడమనే శిక్షకి బదులు బయట కూర్చునే వీలు దొరుకుతుంది. తొమ్మిది, పదేళ్ళవాళ్ళకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

హాలు మధ్యలో ఇటుకలతో కట్టిన చదరపు అరుగు ఒకటుంది. డెల్ఫ్ట్ బడి ఫోటోల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అదే. చూడగానే ఎవరికైనా వచ్చే ప్రశ్న, దీన్ని పక్కకి జరిపే వీలుంటే హాలు ఇంకా ఖాళీగా ఉండేది కదా అని. ఆ చర్చ అప్పుడే వచ్చింది. హెర్ట్స్‌బెర్గర్ ఒప్పుకోలేదు. అది అడ్డుగా ఉండడమే దాని గుణం అన్నది ఆయన వాదన. ఖాళీ హాలులో పిల్ల ఎక్కడ ఆగాలో తెలియక పరిగెడుతుంది. మధ్యలో అరుగుంటే దాని మీద కూర్చుంటుంది, అంచున ఆనుకుంటుంది, ఎక్కి దిగుతుంది, దాని మీద పుస్తకాలు పరుచుకుంటుంది, చుట్టూ తిరిగి వెళ్ళాలి కాబట్టి ఎదురైనవాళ్ళతో మాట కలుపుతుంది. మన పల్లెల్లో రచ్చబండని ఎవరైనా చక్రాల మీద పెడితే ఏమవుతుందో ఊహించుకుంటే ఆయన మాట తేలిగ్గా బోధపడుతుంది.

అయితే ఆయన మొండివాడేం కాదు. ఆ అరుగు లోపల చెక్క పలకల చట్రాలు అమర్చి ఉన్నాయి. నాలుగు వైపులనుంచీ వాటిని సొరుగుల్లా బయటికి లాగొచ్చు. అన్నీ లాగితే అరుగు పెద్ద రంగస్థలమవుతుంది. నాటకమైపోయాక తోసేస్తే మళ్ళీ మామూలు అరుగు. పిల్లలే లాగుతారు, పిల్లలే తోస్తారు, పెద్దవాళ్ళ చెయ్యి అక్కర్లేదు. మధ్యనున్న ఇటుక కదలదు కాబట్టి చెక్క ఎంత దూరం వచ్చినా రంగస్థలం చెదిరిపోదు. చిన్నపిల్లల విభాగంలో దీన్ని తిరగేశాడు. అక్కడ నేలలో చదరపు గుంట, దానినిండా విడి చెక్క దిమ్మెలు. దిమ్మెలన్నీ సర్దితే నేల సమంగా ఉంటుంది. తీస్తే అవి పీటలవుతాయి, రైలు పెట్టెలవుతాయి, గోపురమవుతాయి, ఖాళీ అయిన గుంట పిల్లలు దిగి కూర్చునే చోటవుతుంది. ఒకచోట ఎత్తు, ఒకచోట లోతు. రెండూ కదలనివే, రెండింటి చుట్టూ కదిలేది చెక్కే.

1980 దశకం మొదట్లో ఆమ్‌స్టర్‌డాంలో కట్టిన అపోలో బడుల్లో ఆయన ఈ అరుగునే మెట్లుగా సాగదీశాడు. మధ్య హాలులో మెట్లు కేవలం ఎక్కడానికి కాకుండా కూర్చోవడానికి, రాసుకోవడానికి పనికొచ్చేంత వెడల్పు. కింది మెట్టు మీద కూర్చున్నవాళ్ళకి పై మెట్టు బల్ల అవుతుంది. అంతకంటే చెప్పడానికేమీ లేదు, చూస్తే అర్థమైపోతుంది.

ఇప్పుడు కదిలేవాటి సంగతి. వాటిలోనూ పనితనమున్నవి ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ట్రెపీజియం ఆకారపు బల్ల. పొడుగు భుజం, మిగతా మూడు భుజాల్లో ఒక్కోదానికి సరిగ్గా రెండింతలు ఉండాలి. అలా ఉంటే ఆ బల్ల మూడు సమబాహు త్రిభుజాల కలయిక. రెండు బల్లల్ని పొడుగు భుజాలు ఆనించి కలిపితే షడ్భుజి, చుట్టూ ఆరుగురు ముఖాముఖి. మూడింటిని కలిపితే పెద్ద సమబాహు త్రిభుజం. తలకిందులుగా పక్కపక్కనే పెట్టుకుంటూ పోతే ఎంత పొడుగైనా తిన్నని వరస. ఈ వీలంతా ఒక్క కొలతలోనే ఉంది. రెండింతలు కాకుండా కాస్త తేడా వస్తే షడ్భుజి కోణాలు పాడవుతాయి, మూడు కలిపినప్పుడు సందులు మిగులుతాయి. మన బడుల్లో ఎక్కువగా కనిపించే డ్యూయల్ డెస్కు దీనికి పూర్తిగా వ్యతిరేకం. బల్ల, బెంచీ ఒకే ఇనుప చట్రానికి వెల్డు చేసి ఉంటాయి. గట్టిది, చాలా ఏళ్ళు మన్నుతుంది. కానీ రెండు డెస్కుల్ని ఎదురెదురుగా కలిపితే తప్ప దాంతో ఇంకేం చేయలేం, అలా కలిపినా పిల్లలు బయటికి రావడానికి పక్కలే దిక్కు.

మడత గోడల కథ వేరు. ఇంగ్లండ్‌లో డేవిడ్, మేరీ మెడ్ అనే ఆర్కిటెక్టు దంపతులు 1959లో ఫిన్‌మియర్ అనే పల్లెలో చిన్న బడి కట్టారు. మడత తలుపులు తెరిస్తే బడి మొత్తం ఒకటే గది, మూస్తే విడివిడి గదులు. అది బాగా నడిచింది. చిన్న బడి కావడం, మూలలు, చదువుకునే గూళ్ళు ముందే అమరి ఉండడం అందుకు కారణమని నా అభిప్రాయం. తర్వాత 1960, 70ల్లో అమెరికా, ఇంగ్లండ్‌లలో అసలు గోడలే లేని బడులు పెద్ద ఎత్తున కట్టారు. చాలా చోట్ల కొన్నేళ్ళకే టీచర్లు బీరువాలని, బోర్డులని అడ్డంపెట్టి గోడలు చేసుకున్నారు. చప్పుడు భరించలేక.

మడత గోడలో లోపం ఎక్కడుంటుందో చూస్తే చప్పుడు సంగతి అర్థమవుతుంది. పలకలు పైనున్న పట్టా మీద చక్రాలతో వేలాడుతాయి, కింద ఒక గాడి దారి చూపిస్తుంది. జరగాలంటే కింద సందు ఉండాలి, పలకకీ పలకకీ మధ్య సందు ఉండాలి. గోడ వైశాల్యంలో నూరో వంతు సందు ఉన్నా చాలు, మిగతా గోడ ఎంత మందమైనా శబ్దం తగ్గడం 20 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. పక్క తరగతి పాఠం మాటమాటా వినబడుతుంది. అందుకని సందుల్ని రబ్బరు పట్టీలతో మూస్తారు, ఆ పట్టీలు రాపిడికి అరుగుతాయి, అరిగినవి మార్చేవాళ్ళుండరు. కొత్తలో రోజూ తెరిచిన గోడని కొంతకాలానికి ఏడాదికోసారి వార్షికోత్సవానికి తెరుస్తారు. మలుపు తిరిగిన ఇటుక గోడకి ఈ బాధ లేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ డబ్బున్న దేశాల భవనాలు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గదిలో తలో పనీ సాగాలన్న ఇదే చిక్కుని భవనంతో కాకుండా కార్డులతో విప్పారు. రమ, పద్మనాభరావు దంపతులు రిషివ్యాలీ విద్యావనరుల కేంద్రంలో 1980ల చివరినుంచి ఈ పద్ధతిని తయారుచేశారు. చిన్న పల్లె బడిలో ఒకటినుంచి ఐదుదాకా అన్ని తరగతులూ ఒకే గదిలో, తరచూ ఒకే ఉపాధ్యాయుడి చేతికింద ఉంటాయి. దాన్ని లోపమనుకోకుండా గదిని తరగతుల ప్రకారం విడగొట్టడమే మానేశారు.

గోడకి ఒక నిచ్చెన పటం ఉంటుంది. ఒక్కో మెట్టుకి ఒక పని, ఒక్కో పనికి ఒక బొమ్మ గుర్తు, ఒక సంఖ్య. పిల్ల వచ్చి నిచ్చెనలో తను ఎక్కడ ఉందో చూసుకుంటుంది, ఆ గుర్తున్న ట్రేలోంచి తన కార్డు తీసుకుంటుంది, వెళ్ళి ఒక జట్టులో కూర్చుంటుంది. ఏ జట్టులో అన్నది కార్డే నిర్ణయిస్తుంది. కొత్త విషయం మొదలయ్యే కార్డైతే ఉపాధ్యాయుడి చాప. కాస్త సాయం చాలనుకున్నదైతే ఆయన అప్పుడప్పుడూ తొంగిచూసే చాప. తోటివాళ్ళు చెప్పగలిగిందైతే ఇంకో చాప. ఒంటరిగా చేసుకునేదైతే మరొకటి. అభ్యాసం అయ్యాక పరీక్ష కార్డు వస్తుంది. అందులో తడబడితే సరిదిద్దే కార్డు, గట్టెక్కితే ఇంకాస్త లోతుకి తీసుకెళ్ళే కార్డు.

ఇందులోని తెలివి నిదానంగా అర్థమవుతుంది. ఉపాధ్యాయుడు ముప్ఫై మందికీ ఒకేసారి అవసరం కాడు. నిచ్చెన మీద పిల్లలు తలోచోట ఉంటారు కాబట్టి, ఏ క్షణాన చూసినా కొత్త పాఠం కావలసినవాళ్ళు కొద్దిమందే ఉంటారు. ఆయన చాప ఎప్పుడూ నిండదు, ఎప్పుడూ ఖాళీ కాదు. నాలుగో తరగతి వయసు పిల్ల ఒక పనికి చిన్నవాళ్ళకి చెప్పే చాపమీద ఉండి, అరగంటకి తన భిన్నాల కార్డు పట్టుకుని ఉపాధ్యాయుడి చాపకి వెళుతుంది. జరిగేది పిల్లలు. చాపలు, ట్రేలు, నిచ్చెన తమ తమ చోట్లే ఉంటాయి. కర్ణాటకలో 1995లో హెచ్.డి.కోట తాలూకాలో మొదలైన నలి కలి పద్ధతికి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కార్యకలాప విద్యకి స్ఫూర్తి ఇక్కడిదే.

చెన్నై వాళ్ళు గదికి రెండు చిన్న మార్పులు చేశారు, రెండూ గట్టి పనితనమున్నవే. గోడల అడుగుభాగమంతా, నేలమీద కూర్చున్న పిల్ల చేతికి అందే ఎత్తువరకూ, నల్లరంగు వేసి గళ్ళుగా విడదీశారు. ఒక్కో పిల్లకి ఒక్కో నల్లబల్ల. ఒక్క గోడకుండే బల్ల నాలుగు గోడలకీ పాకింది. రెండోది తలలకి కాస్త పైన గోడనుంచి గోడకి తీగలు లాగి అల్లిన పందిరి. పిల్లలు గీసినవి, చేసినవి ఆ తీగలకి తగిలించేవారు. గోడ నల్లబల్లలకి పోయింది, నేల చాపలకి పోయింది, మిగిలిన గాలిని కూడా వాడుకున్నారన్నమాట. పైగా అంత కాగితం వేలాడుతుంటే ఖాళీ స్లాబు కింద మోగే ప్రతిధ్వని కాస్త తగ్గాలి కూడా.

భవనం దారినీ, కార్డుల దారినీ కలపడానికి మన ప్రభుత్వ బడుల్లో ఒక వీలు చాలాచోట్ల సిద్ధంగానే ఉంది. గది ముందు వరండా. వరండాలో గది ముందున్న ఒక్క అంకణాన్ని మూడడుగుల ఎత్తు గోడతో బయటివైపు మూసి, అదే చోట గదికీ వరండాకీ మధ్యగోడలో వెడల్పాటి ద్వారం తెరిస్తే, దీర్ఘచతురస్రానికి ఒక చిన్న భుజం మొలుస్తుంది. ద్వారం గోడ మధ్యలో కాకుండా ఒక చివరకి జరపాలి, అప్పుడే మిగిలిన గోడ అంచు ఆ పొడుచుకొచ్చిన మూల పని చేస్తుంది. ద్వారం పైన లింటెలు ఇంజనీరు చూసి చెప్పాలి, గోడ బరువు మోసేదైతే ఇష్టమొచ్చినంత వెడల్పు తీయడం కుదరదు. మూడడుగుల గోడ పైభాగం అడుగు వెడల్పు ఉంచి నున్నగా గచ్చు చేస్తే నిలబడి పనిచేసే బల్లవుతుంది. నీళ్ళ కుళాయి వరండా వైపు ఉంటే తడి పని అటే పోతుంది. చిన్న భుజంలో నేల గదికన్నా రెండంగుళాలు పల్లంగా, బయటికి వాలుగా ఉంటే కడిగిన నీళ్ళు లోపలికి రావు. టీచరు కుర్చీ ఆ కొత్త మూల పక్కన వేసుకోవాలి, నల్లబల్ల దగ్గర కాదు.